తవిటమ్మ సంతకం చేసిన ఖాళీ కాగితం

నేను ఒక తెల్లకాగితాన్ని. అలా పుట్టడంలో నా తప్పేమీ లేదు. మిల్లులో గుజ్జుగా ఉన్నప్పుడు శుభలేఖనవుతానో, పిల్లల చేతిలో పడవనవుతానో అనుకున్నాను. నా ఖర్మ కాలి వకీలు జగదీశ్వరరావు గారి బల్ల సొరుగులో పడ్డాను. ‘గారు’ అన్నది అలవాటు కొద్దీ వచ్చింది, గౌరవంతో కాదు.

శ్రీకాకుళం పక్క ఊరి నుంచి బొమ్మాళి తవిటమ్మ ఆయన దగ్గరకు వచ్చింది. జీడిపిక్కలు కాల్చి, ఒలిచి బతికే మనిషి. ఆమె పాకకు వెళ్లే దారికి అడ్డంగా పక్కస్థలం ఆసామి గోడ కట్టేశాడు. పిక్కల బస్తాలు నెత్తిన పెట్టుకుని పొలం గట్ల మీద చుట్టూ తిరగాల్సి వస్తోంది. ఆ దారి పోతే పాక మూసుకోవడమే.

ఆమె గోడు సగంలో ఉండగానే ముసలి గుమస్తా మూడు ఖాళీ కాగితాలు పరిచి, అడుగున పెన్సిలుతో గుర్తు పెట్టాడు. అందులో నేనొకదాన్ని. మళ్లీ మళ్లీ కబురు పెట్టే శ్రమ లేకుండా ముందే సంతకాలు తీసి ఉంచుకోవడం ఆ ఆఫీసు ఆచారం.

“ఇందల ఏటి రాత్తారు బాబూ?” అంది తవిటమ్మ.

“అవన్నీ నీకెందుకమ్మా? నేను లేనూ?” అన్నాడు వకీలు.

ప్లీడరు దగ్గర నిజం దాచకూడదని లోకమంతా చెబుతుంది. ప్లీడరు మన దగ్గర దాచకూడదని మాత్రం ఎవరూ చెప్పరు. పొదుపు సంఘంలో నేర్చుకున్న సంతకం ఆమెది. చదవడం రాదు. వేలిముద్ర వేసే రోజులు పోయాయన్న గర్వంతో, నాలుక కొసను పంటితో పట్టి, ఒక్కో అక్షరం దిద్ది పెట్టింది. నాకు నోరుంటే అరిచేదాన్ని.

రెండేళ్లు ఆమె కేసు కాగితాల కట్టలో మగ్గాను. ప్రతి వాయిదాకూ ఆమె చెప్పులు బయట విడిచి వరండాలో నిలబడేది. “వాయిదా పడింది, వెళ్లు” అనేవాడు గుమస్తా. ఎందుకు పడిందో, కోర్టులో ఏం వేశారో అడిగితే వకీలుకు కోపం ముంచుకొచ్చేది. నమ్మకం లేకపోతే ఇంకొకర్ని చూసుకోమని కసిరేవాడు. పోనీ కట్ట ఇస్తాడా అంటే అదీ లేదు. కట్ట ఆమెది, దాని మీద కూర్చున్నది ఆయన. ఆ కూర్చోవడం చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

వేసవి సెలవుల ముందు పాత కేసులు వదిలించుకోవాలనిపించింది ఆయనకు. ఎదుటి పక్షం వకీలు రోజూ ఆయనతో టీ తాగేవాడే. రెండు గ్లాసులు ఖాళీ అయ్యేలోపు రాజీ కుదిరింది. తవిటమ్మ దారి మీద హక్కు వదులుకుంటుందట! ఆ ముక్కలు ఇంగ్లీషులో నా మీదే టైపు కొట్టించారు. ఆమె సంతకం నా అడుగున ఎప్పటి నుంచో ఉందిగా.

జడ్జిగారు కక్షిదారును చూడందే రాజీ నమోదు చెయ్యనన్నారు. గుమస్తా ఆమెను పిలిపించి, ఏం అడిగినా ‘అవును’ అంటే పని అయిపోతుందన్నాడు. ఆమె తలూపింది. నాకు గుండె అంటూ ఉంటే అప్పుడే ఆగిపోయేది.

జడ్జిగారు నన్ను పైకెత్తారు. “ఈ సంతకం నీదేనా?”

“అవును.”

“దారి నాకొద్దు, గోడ ఉండనీ అని రాసుంది. ఇదీ నీ మాటేనా?”

జగదీశ్వరరావు దగ్గాడు. తవిటమ్మ ఆయన వైపు చూసింది, తరవాత నా వైపు చూసింది.

“సంతకం నాదే బాబూ. అది ఎట్టినప్పుడు ఆ కాయితం మీద సీమ తలకాయంత రాత కూడా నేదు. దారి ఒగ్గీమని నానెవులికీ సెప్పనేదు.” ఆమె వకీలు వైపు వేలు చూపించింది. “బాబూ, నా కట్ట నాకిచ్చీమని సెప్పండి.”

జడ్జిగారు నన్ను కొట్టేశారు. కట్ట సాయంత్రంలోగా ఆమెకు అప్పగించమన్నారు. రెండేళ్లలో ఒక్కసారి కూడా అంత చురుగ్గా కదలని గుమస్తా ఆ పూట పరుగెత్తాడు.

నేను మాత్రం కోర్టు రికార్డులో, చెల్లని కాగితంగా ఉండిపోయాను. జగదీశ్వరరావుకు ఏమైందంటారా? ఏమీ కాలేదు. ఆ సొరుగులో నా చెల్లెళ్లు ఇంకా ఉన్నారు.

నెల తరవాత కొత్త వకీలు తాలూకు వకాలతు వచ్చి నా పైన పడింది. దాని కోపం దానిది. గోడ ఇంకా పడలేదని, కేసు మళ్లీ మొదలైందని గొణిగింది. తవిటమ్మ ఆ వకాలతు మీద ఉన్న ప్రతి వాక్యాన్నీ రెండేసిసార్లు చదివించుకుందట. తరవాత ఖాళీ ఉన్న చోటల్లా వేలు పెట్టి చూపించి, అన్నిటికీ అడ్డగీతలు కొట్టించిందట. అప్పుడు అడిగిందట, పెన్ను ఇమ్మని.