సావిత్రి వాళ్ల జామచెట్టు

కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఎవరి పెరట్లో జామచెట్టు ఉందో మొగిలమ్మకు తెలుసు. ఇంటివాళ్లు తినగా మిగిలిన కాయలు అడిగి, ఆమెతో కలిపి నలుగురు ఆడవాళ్లు ప్రతి ఆదివారం దోటి పట్టుకుని తిరిగేవారు. కోసినవన్నీ హాస్టల్ పిల్లలకు. ఇంజన్ల పొగకు నల్లబడ్డ కాయలు తుడిచి తుడిచి మొగిలమ్మ కొంగు ఎప్పుడూ మసిగుడ్డలాగే ఉండేది.

ఆ ఏడు కాపు తక్కువ. మొగిలమ్మ నేస్తం సావిత్రి వాళ్ల చెట్టు ఒక్కటే విరగకాసింది. కానీ సావిత్రి మొగుడికి బదిలీ అయింది. ఆమె బండెక్కిన రోజు నుంచి మొగిలమ్మ ఆ సందు తొక్కలేదు. కూరగాయలకు కూడా చుట్టూ తిరిగి పోయేది.

ఒక ఆదివారం ఎంత తిరిగినా గంప సగం కూడా నిండలేదు.

"సగం మంది పిల్లలకు ఉత్త చేతులే," అంది గంప మోస్తున్న సోమక్క. "సావిత్రి వాళ్లుండే ఇంటికి పోదాం నడు, వదినా."

"కొత్తోళ్లాయె. కసురుకుంటే?"

"ముంగట నువ్వే ఉంటవు గదా. నాకేం ఫికర్."

పిల్లల ముఖాలు తలచుకుని మొగిలమ్మ గేటు తీసింది. చెట్టు కింద కాయలు రాలి కుళ్లుతున్నాయి. లోపలి నుంచి యాకమ్మ వచ్చింది, కొత్తగా దిగిన గార్డు పెండ్లాం. దోటి వైపు చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇయ్యాల దొరికిందా తొవ్వ? మీరొస్తరని పాత ఇంటామె చెప్పి పోయింది. ఆదివారమొస్తే గేటు దిక్కే సూస్తున్న. మీరేమో పక్క సందు నుంచే మర్రిపోతిరి. మా ఇంటి కాయలు చేదా, పెద్దమ్మా?"

మొగిలమ్మ తల వంచుకుంది. "ఆమె లేని ఇల్లు సూడబుద్ధి కాలే, బిడ్డా."

యాకమ్మ చెయ్యి నడుం మీంచి జారింది. "నేను గూడ మా ఊరు మరిపెడల మావోళ్లందర్ని ఇడిసిపెట్టే వచ్చిన," అని మెల్లగా అని, దోటి లాక్కుంది. "జరగండి, నేను కోస్త."

పది కాయలు తెంపేసరికి రెండు సోమక్క నెత్తిన పడ్డాయి.

"నాకేమన్న పగుందా నీతోని?" అంది సోమక్క నెత్తి రుద్దుకుంటూ.

"సప్పుడు చెయ్యకుండ పట్టుకో, అక్కా."

గంప నిండి పొర్లింది. యాకమ్మ ఇంటికి తాళం వేసి తనూ బయల్దేరింది. నాలుగడుగులు వేశాక మొగిలమ్మ ఉండబట్టలేక అడిగింది. "మీ ఆయనకు మల్ల బదిలీ ఎప్పుడు?"

"ఇయ్యాల్నే కలిస్తిమి, అప్పుడే సాగదోలుతున్నవా?"

సోమక్క పకపకా నవ్వింది. మొగిలమ్మకూ నవ్వొచ్చింది. యాకమ్మతో కలిసి చెరో పక్క గంప పట్టుకుని హాస్టల్ వైపు నడిచింది.