అర్డిస్ చేతి మీది మచ్చలు

హెల్గార్డ్ ఊళ్ళో ఎవరూ ఎవరినీ ఏదీ అడగరు. అడిగితే ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారేమోనని భయం. అడక్కుండా అనుకోవడానికి మాత్రం ఏ అడ్డూ లేదు గనక, ఉత్తర డకోటా చలికాలమంతా ఊరు ఊరంతా అదే పని మీద ఉంటుంది. కాఫీ ఇస్తే రెండుసార్లు వద్దనాలి, మూడోసారి పుచ్చుకోవాలి. మొదటిసారే పుచ్చుకున్నవాడు ఆశపోతు. మూడోసారి కూడా వద్దన్నవాడు పొగరుబోతు. గోధుమ చేల మధ్య నాలుగు వందల మంది లూథరన్ క్రైస్తవులు వందేళ్ళుగా ఈ మర్యాదల మీదే బతికేస్తున్నారు.

మార్చి నెలలో అర్డిస్ గుండె లయ తప్పింది. ఆమెకి డెబ్భైమూడేళ్ళు. క్లినిక్‌లో డాక్టరమ్మ రక్తాన్ని పలచబరిచే మాత్ర రాసిచ్చి, "కాస్త ఒత్తుకున్నా ఒళ్ళు కమిలిపోతుంది, కంగారు పడకండి. తలకి మాత్రం దెబ్బ తగలనివ్వకండి. ఆస్పిరిన్ జోలికి పోకండి" అంది. ఆమె మొగుడు ఓర్లిన్ ఆ మాటలు ఒక కాగితం మీద రాసుకుని, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. రోజూ సాయంత్రం ఆరింటికి గ్లాసుడు నీళ్ళతో మాత్ర తెచ్చి, ఆమె మింగేదాకా ఎదురుగా నిలబడేవాడు.

జబ్బు సంగతి ఊళ్ళో చెప్పుకోవడం అక్కడ నామోషీ. అర్డిస్ ఎవరికీ చెప్పలేదు. మాత్రల డబ్బీ చేతిసంచి అడుగున, రుమాలు కింద దాచుకుంది.

మచ్చలు మాత్రం దాగలేదు. తలుపు గడియ తగిలితే ఒక మచ్చ, కిరాణా సంచి మోస్తే మోచేతి మడతలో ఇంకో మచ్చ. వంగపండు రంగులో మొదలై, ఆకుపచ్చకి తిరిగి, పసుపుగా మారి పోయేలోగా పక్కన మరొకటి లేచేది. మే నెలలో ఒకరోజు నేలమాళిగ మెట్ల మీద ఆమె కాలు జారబోతే ఓర్లిన్ చెయ్యి పట్టుకుని ఆపాడు. నాలుగు వేళ్ళూ, బొటనవేలూ విడివిడిగా అచ్చు పడ్డాయి.

ఆ వారమే చర్చిలో ఒక చావు భోజనం తరవాత అర్డిస్ గిన్నెలు తోముతోంది. నలభై ఏళ్ళుగా చర్చి వంటింట్లో ఆమెకి దక్కిన పదవి అదే. చొక్కా చేతులు పైకి మడుచుకుంది. పక్కన లావోన్ నిలబడి ఉంది. లావోన్ అంటే ఆడవాళ్ళ సంఘానికి పెద్ద. ఆమె తలూపనిదే ఆ చర్చిలో పాట కూడా మొదలవదు. ఆ ఐదు వేళ్ళ అచ్చూ చూసింది. మర్నాడు మాంసం, బంగాళాదుంపలు కలిపి కాల్చిన వంటకం పట్టుకుని అర్డిస్ గుమ్మంలో నిలబడింది.

"మా వెనక తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది అర్డిస్. ఏ వేళప్పుడైనా సరే. తెలిసిందా?"

అర్డిస్‌కి తెలిసింది. "ఇది మాత్రల వల్ల" అని చెప్పడానికి నోరు తెరిచింది కూడా. అంతలో లావోన్ ఆమె చెయ్యి తన రెండు చేతుల్లోకీ తీసుకుంది. ఆ ఊళ్ళో ఓర్లిన్ తప్ప అంతవరకూ ఎవరూ అర్డిస్ చెయ్యి పట్టుకోలేదు. ఆమె నోరు మూసుకుంది. ఊరకున్నంత ఉత్తమం లేదంటారు కదా, ఆ ఉత్తమురాలు ఊరుకుంది.

తరవాత ఆమె బతుకే మారిపోయింది. గిన్నెల తొట్టి దగ్గర్నుంచి లేపి కేకులు కోసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పాస్టరమ్మ ప్రార్థనలో "మౌనంగా బాధపడేవాళ్ళ కోసం" అంటూ ఆమె వంక చూసేది. అర్డిస్ కూడా ఉక్కగా ఉన్నా లేకపోయినా చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుని తిరగసాగింది. సిగ్గుండాలి అనిపించేది ఒక్కోసారి. ఆ మాటా ఎవరితోనూ అనలేదు.

ఓర్లిన్ సంగతి వేరు. ఇనపకొట్టులో పొద్దుటి కాఫీ బల్ల దగ్గర అతను కుర్చీ లాక్కోగానే మిగతావాళ్ళకి పనులు గుర్తొచ్చేవి. నవంబరులో చర్చి చేప విందు. ఊరి పేరు చుట్టుపక్కల నిలిపేది ఆ విందే. క్షారంలో నానబెట్టిన ఎండుచేపను మరిగే నీళ్ళలో దించి, సరిగ్గా ఆ క్షణానికి పైకి తియ్యాలి. కాస్త తొందరపడితే రబ్బరు, కాస్త ఆలస్యమైతే జావ. ఆ క్షణం తెలిసినవాడు ఓర్లిన్. ముప్ఫైయొక్క ఏళ్ళుగా గోడ మీద అంటించే పనుల కాగితంలో "చేప డేగిసా" అన్నచోట అతని పేరే ఉండేది. ఆ ఏడు అక్కడ లావోన్ మొగుడు డ్వేన్ పేరుంది. ఓర్లిన్ పేరు అట్టడుగున, "బయట కార్లు" అన్నచోట ఉంది.

ఓర్లిన్ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. అర్డిస్ పక్కనే నిలబడి తన బూట్ల వంక చూసుకుంది.

"ఏమైంది డ్వేన్?" అన్నాడతను.

"ఏం లేదే. కుర్రాళ్ళకి అవకాశం ఇద్దామని," అన్నాడు డ్వేన్. డ్వేన్‌కి డెబ్భైయెనిమిది.

విందుకి రెండు రోజుల ముందు ఓర్లిన్ పంచదార రొట్టె కొలతల కోసం అర్డిస్ వంటల డబ్బా వెతికాడు. కొలతలకి బదులు ఒక కార్డు దొరికింది. "ఇంట్లో దెబ్బలు తింటున్నారా? ఫోన్ చెయ్యండి" అని ఉంది దాని మీద.

"ఇదేంటి?"

"పాస్టరమ్మ ఇచ్చింది."

"నీకెందుకిచ్చింది?"

అర్డిస్ పొయ్యి మీది గిన్నెని కలుపుతూనే ఉంది. "వాళ్ళేదో అనుకున్నారు."

"నువ్వేం చెప్పావు?"

"నేనేం చెప్పలేదు ఓర్లిన్. ఒట్టు. ఒక్క మాట కూడా చెప్పలేదు."

"అదే కదా నేను ఏడ్చేది!" అని అరిచి, తన గొంతుకి తనే బెదిరి కుర్చీలో కూలబడ్డాడు. "ఆర్నెల్లయింది. నన్ను చూస్తే జనం అటు తప్పుకుపోతున్నారు. ఒళ్ళు కంపు కొడుతోందేమోనని రోజుకి రెండుసార్లు స్నానం చేస్తున్నానే."

ఆ మాటకి అర్డిస్‌కి నిజంగానే ఏడుపొచ్చింది. "శనివారం చెప్తాను. అందరూ ఉంటారుగా. చెప్తాను."

"గట్టిగా చెప్పు. లావోన్‌కి వినపడేలా చెప్పు."

శనివారం మధ్యాహ్నం చర్చి కింది హాలు కిక్కిరిసింది. లావోన్ అర్డిస్‌ని పెద్ద బల్ల దగ్గర, తన పక్కన, మెత్త వేసి కూర్చోబెట్టింది. డ్వేన్ చేతిలో చేప జావైపోయింది. చెంచాలతో ఎత్తుకుంటూ, "ఈ ఏడు రుచి వేరేగా ఉందే" అన్నారు జనం. ఆ ఊళ్ళో అంతకు మించిన తిట్టు లేదు. కిటికీలోంచి ఓర్లిన్ కనిపిస్తున్నాడు. నారింజరంగు చొక్కా తొడుక్కుని, ఎర్రజెండా పట్టుకుని, మంచులో నిలబడి ఉన్నాడు. లోపలికే చూస్తున్నాడు.

అర్డిస్ గొంతు సవరించుకుంది. బల్ల చుట్టూ అందరూ తలలు ఆమె వైపు తిప్పారు. ఎంత ప్రేమగా తిప్పారో! ఆమె ఒక్క మాట అంటే రేపట్నుంచి ఆ తలలు మళ్ళీ గిన్నెల తొట్టి వైపే చూపిస్తాయి.

"ఏంటమ్మా?" అంది లావోన్.

"ఇంకొంచెం వెన్న," అంది అర్డిస్.

మూడింటికి బయటికొచ్చింది. మెట్ల మీద గడ్డకట్టిన మంచు అద్దంలా ఉంది. కింద ఓర్లిన్ ఎదురుచూస్తున్నాడు.

"చెప్పావా?"

"చెప్తాను ఓర్లిన్, ఇవాళ సందర్భం కుదరలేదు." మాట్లాడుతూనే, పెళ్ళయిన నలభైయారేళ్ళుగా చాస్తున్నట్టే అతని చేతి కోసం చెయ్యి చాచింది.

ఓర్లిన్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "నేను పట్టుకుంటే మచ్చ పడుతుంది అర్డిస్. కిటికీలోంచి అందరూ చూస్తున్నారు."

ఆమె కాలు జారింది. అతను చేతులు ముందుకు తెచ్చేసరికి తల ఇనప కమ్మీకి తగిలి మోగింది. కిటికీలోంచి చూసినవాళ్ళకి కనిపించింది ఇంతే: కింద పడ్డ అర్డిస్, ఆమె మీదికి వంగిన ఓర్లిన్.

నలుగురు మగవాళ్ళు అతన్ని పక్కకి లాగేశారు. ఆడవాళ్ళు అర్డిస్‌ని లోపలికి మోసుకెళ్ళి మెత్తల మీద ఆనించారు. నెత్తురు చుక్క లేదు. తల మాత్రం పగిలిపోతోంది.

"అంబులెన్సు బయల్దేరిందిట. ఈలోగా ఇవి వేసుకో, నొప్పి తగ్గుతుంది." లావోన్ అరచేతిలో రెండు ఆస్పిరిన్ మాత్రలు, ఇంకో చేతిలో కాఫీ.

"వద్దు," అంది అర్డిస్.

"ఇవ్వకండి!" గుమ్మం దగ్గర్నుంచి ఓర్లిన్ అరిచాడు. డ్వేన్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఓర్లిన్ జేబులోంచి కాగితం తీసి అతని భుజం మీదుగా ఊపుతున్నాడు. "తను రక్తం పలచబడే మందు మీద ఉంది! ఆస్పిరిన్ పడకూడదు! ఇదిగో రాసుంది, చూడండి!"

డ్వేన్ ఒక కన్నేసి చూశాడు. "నీ రాతే కదయ్యా ఇది. నీకు ఇచ్చిన పని బయట కార్లు చూసుకోవడం. పో."

లావోన్ మాత్రలు మళ్ళీ ముందుకు చాచింది. "వద్దు లావోన్," అంది అర్డిస్ మళ్ళీ. "అతనన్నది నిజం. నన్నెవరూ కొట్టలేదు. అంతా ఆ మందు వల్లే."

లావోన్ కళ్ళు నీళ్ళతో నిండాయి. చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగి, "విన్నారా? వాడు గుమ్మంలోంచి అందించిన మాటే చెబుతోంది. ఇప్పటికీ వెనకేసుకొస్తోంది, పిచ్చితల్లి!" అంది.

హాలంతా నిట్టూర్చింది. అర్డిస్ చేతిసంచి లావోన్ మోచేతి దగ్గరే ఉంది. రుమాలు కింద డబ్బీ ఉంది, దాని మీద ఆమె పేరూ, మందు పేరూ అచ్చేసి ఉన్నాయి. "సంచి తెరిచి చూడు" అంటే చాలు. అప్పుడు రుమాలు కింది ఆర్నెల్లూ కూడా బయటపడతాయి. ఊరి జనమంతా చుట్టూ నిలబడి ఉన్నారు, అందరి కళ్ళల్లోనూ నీళ్ళున్నాయి, ఆ నీళ్ళన్నీ ఆమె కోసమే.

"తీసుకోమ్మా," అంది లావోన్ మూడోసారి.

అర్డిస్ నోరు తెరిచింది. లావోన్ మాత్రలు నాలుక మీద పెట్టి, కాఫీ తనే తాగించింది.

నలభై మైళ్ళ అవతల్నుంచి అంబులెన్సు వచ్చేసరికి అర్డిస్ ఎవరినీ గుర్తుపట్టడం లేదు. బయట ఓర్లిన్ ఎర్రజెండా ఊపుతూ, దాన్ని ఎక్కడ నిలపాలో చూపిస్తున్నాడు.