గోడలో కన్ను

షామీర్‌పేటలో పాలమ్మే షహజాది బేగం పాత మట్టిల్లు కూల్చి, అదే జాగాలో స్లాబు ఇల్లు వేయించుకుంది. ప్లాను గీసింది రవీందర్. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటివాడు. 2001లో మేడ్చల్‌లో కిరాయి గదిలో ఒక్కడే ఉంటూ, ఇళ్ల పనులు చూసుకునేవాడు.

ప్లానులో ఒక్కటే తప్పు జరిగింది. పాత ఇంట్లో బేగం పడుకునే గదికీ బర్రె కొట్టానికీ మధ్య గోడలో మూరెడు గుండ్రటి కంత ఉండేది. వాసనా ఈగలూ వస్తాయని రవీందర్ కొత్త గోడలో అది పెట్టలేదు. గోడ లేచాక బేగం అడగబోయి, చదువుకున్నవాడికి తెలియదా అని ఊరుకుంది.

కట్టినన్నాళ్లూ కొట్టంలోనే పడుకున్న బేగం కొత్తింట్లో చేరిన నాలుగో రోజు కబురొచ్చింది, బర్రె చేపడం లేదని, పొదుగు నుంచి చుక్క పాలు దిగడం లేదని.

రవీందర్ వెళ్లేసరికి ఆమె ఖాళీ గిన్నెతో కొట్టంలో కూర్చుని ఉంది. మేస్త్రి సిద్దిరాములు బీడీ కాలుస్తూ నవ్వాడు.

"వచ్చిండు ఇంజినీరు. బర్రెకు ప్లాను జూపియ్యి సారూ, సేపుతదేమో."

"నువ్వూకో," అంది బేగం. "సూడు బేటా, మా ఇంటాయన పోయి ఏడేండ్లాయె. పిల్లల్లేరు. పొద్దుగాల లేవంగనే గా కంతలకెల్లి పిలుస్త. అది ముట్టె పెట్టి జూస్తది. గంత ముచ్చటైనంకనే పాలిస్తది. ఇప్పుడు గోడతోని మాట్లాడాల్నా?"

రవీందర్‌కు తలెత్తబుద్ధి కాలేదు. ఇంటర్‌లో తెలుగు సారు చెప్పింది గుర్తొచ్చింది.

"గసుంటి కంతకు పాత పేరు గవాక్షం, చాచీ. గో అంటే ఆవు, అక్షి అంటే కన్ను. ఆవు కన్ను లెక్క గుండ్రంగుంటదని."

"మాది బర్రె గద బేటా," అంది బేగం.

సిద్దిరాములుకు పొగ గొంతుకడ్డం పడింది. ఆ మాట బట్టీపట్టి రవీందర్ పరీక్షలో రెండు మార్కులు తెచ్చుకున్నాడు. ఆ కంటికి అటొకరు, ఇటొకరు ఉంటారన్నది మాత్రం తట్టలేదు.

"నేనే మూసిన, నేనే తీస్త," అని ఉలీ సుత్తీ అందుకున్నాడు.

"జర కిందికి సారూ! దాని మెడ గంత పొడుగుండదు."

ఇటుకలు రాలాయి. బేగం లోపలికి వెళ్లి "రాణీ" అని పిలిచింది. బర్రె చెవులు రిక్కించి, కొత్త సున్నం వాసన చూసి తటపటాయించింది. కంతలోంచి ముడతలు పడ్డ చెయ్యి వచ్చి నొసలు రుద్దింది. లోపలి నుంచి ఏవో మాటలు, ఒక చిన్న నవ్వు.

"సేపింది!" అని సిద్దిరాములు గిన్నె కోసం ఉరికాడు.

పొద్దు వాలుతుండగా రవీందర్ మేడ్చల్‌లో బస్సు దిగి గది తాళం తీశాడు. ఆ గదికీ ఒక కిటికీ ఉంది, పక్కింటి గోడకు బెత్తెడు దూరంలో. దుమ్ము రాదని ఎప్పుడూ మూసే ఉంచేవాడు. రెక్కలు తీసి చూశాడు. గోడే. తిన్నవా అని అడిగేవాళ్లు అటు ఎవరూ లేరు. స్టవ్వు మీద ఎసరు పెట్టుకున్నాడు గానీ, రెక్కలు మళ్లీ మూయలేదు.