నీళ్లు లేవన్నవాడికి సున్నా

మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి బోరు వేయించాలి. సీజను మొదలయ్యేలోగా నీళ్లు పడకపోతే లారీల్లోని కాయలు గేటు దగ్గరే కుళ్లిపోతాయి. బోరు కాంట్రాక్టరును ఎంపిక చేసే పని పర్చేజీ ఆఫీసరు మునికుమార్ నెత్తిన పడింది. పాపం, అతనిది ఇంకా టెంపరరీ ఉద్యోగమే. పర్మనెంటు చేసే కాగితం జనరల్ మేనేజరు దామోదరం టేబుల్ మీద సంతకం కోసం నెలరోజులుగా పడివుంది.

దామోదరం పద్ధతి గల మనిషి. ఫారం నింపనిదే తుమ్మడు కూడా. కాంట్రాక్టర్లకు వంద మార్కుల ఫారం తయారుచేయించాడు. అనుభవం, యంత్రాలు, టెక్నాలజీ, చివర్లో పాజిటివ్ దృక్పథం. వడపోసి వడపోసి ఇద్దరిని మిగిల్చారు.

మొదటివాడు తిరుపతి సునీల్‌కుమార్. ఇస్త్రీ చొక్కా, చంకలో ల్యాప్‌టాప్. ఫెయిలైన బోర్లు ఎన్ని అన్న గడిలో 'లేవు' అని రాశాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని స్థలమంతా నడిచాడు. వాచ్‌మన్ గది వెనక టెంకాయ లేచి నిలబడింది.

"మున్నూరు అడుగుల్లో గంగమ్మ ఉండాది సార్!"

దామోదరం టెక్నాలజీ గడిలో ఇరవైకి ఇరవై వేశాడు.

రెండో ఆయన పాకాల చెంగయ్య. ఫెయిలైన బోర్లు నలభై రెండని ఊళ్ల పేర్లతో సహా రాసిచ్చాడు. స్థలం చుట్టూ తిరిగి, పక్క తోటల్లో బావులు తొంగిచూసి వచ్చాడు.

"ఈడ నీళ్లు లేవు సార్. కిందంతా బండ. తవ్వితే దుమ్ము లేస్తాది, అంతే."

పాజిటివ్ దృక్పథం గడిలో సున్నా పడింది.

మునికుమార్‌కు చెంగయ్య కొత్తవాడేం కాదు. నాలుగేళ్ల కిందట వాళ్ల నాయన పొలంలోనూ ఇదే చెంగయ్య ఇదే మాట చెప్పాడు. నాయన వినకుండా ఇంకొకరితో నాలుగు బోర్లు వేయించాడు. నాలుగింట్లోనూ దుమ్మే. ఆ సంగతి చెప్పాలని నోరు తెరిచాడు.

"ఏమంటావు మునికుమార్?" అన్నాడు దామోదరం. పర్మనెంటు కాగితం ఆయన మోచేతి కిందే ఉంది.

"పాజిటివ్‌గా పోదాం సార్."

అనేసి సిగ్గుతో చచ్చిపోయాడు. కాగితం మీద సంతకం మాత్రం ఆ పూటే పడింది.

సునీల్‌కుమార్ తొమ్మిది వందల అడుగులు తవ్వాడు. ఫ్యాక్టరీ, ఆఫీసు, దామోదరం కారు అన్నీ పౌడరు పూసుకున్నట్టు తెల్లబడ్డాయి. చుక్క నీళ్లు రాలేదు.

"మొదట్లోనే ఎవురో అపశకునం మాట్లాడినారంట కదా సార్," అనేసి అతను యంత్రం తోలుకుపోయాడు.

దామోదరానికి ఆ మాట బాగా నచ్చింది. వెంటనే చెంగయ్యకు పంపమని జాబు చెప్పి రాయించాడు: 'మా స్థలంలో నీళ్లు లేవని తవ్వకముందే చెప్పి, కంపెనీ మనోధైర్యం దెబ్బతీసినందుకు పాకాల చెంగయ్యను ఇకపై ఏ పనికీ పిలవరాదు.' టైపు చేసి సంతకం పెట్టింది మునికుమారే. పర్మనెంటు ఉద్యోగిగా అతని మొదటి ఘనకార్యం అది.

వారం తిరక్కుండా ఆ జాబు పట్టుకుని చెంగయ్య వచ్చాడు. తిట్టిపోస్తాడని మునికుమార్ కుర్చీలో ముడుచుకున్నాడు. చూస్తే ఆయన ముఖం వెలిగిపోతోంది.

"ముప్పై ఏండ్లుగా ఉన్నమాట చెప్తా ఉండానప్పా. ఒక్కరన్నా కాగితం మీద రాసిచ్చినారా? ఇది సూపిస్తే సాలు, ఊర్లల్లో నా మాట ఇంటా ఉండారు. సీలు ఒగటి తక్కువైంది, ఏసియ్యి సామీ."

మునికుమార్ తలెత్తకుండా సొరుగులో సీలు వెతికాడు.

"నిన్న మీ నాయన గూడా పిలిపిచ్చినాడు," అన్నాడు చెంగయ్య. "జాబు సూసి ఏమన్నాడో తెల్సునా? నా కొడుకు సంతకం పెట్టినాడంటే దాంట్లో అబద్ధం ఉండదు అన్నాడు."