ఏటి పక్క అతిమధురం

మా ఊరు సెర్రాస్కూరాలో రెండు శతాబ్దాలపాటు జమీందారు బారన్ గారి భూమి, బారన్ గారి ఫ్యాక్టరీ తప్ప వేరే బతుకుతెరువు లేదు. వేసవిలో ఆయన గోధుమలు కోసేవాళ్లు. చలికాలంలో ఆయన పొలాల్లోనే అతిమధురం వేళ్లు తవ్వి, వాటిని ఉడికించే ఆయన ఫ్యాక్టరీకే మోసేవాళ్లు. యుద్ధం అయ్యాక మావాళ్లు జెండాలు పట్టుకెళ్లి ఆ భూముల్లో బైఠాయించారు. చివరికి ప్రభుత్వం చీట్లు తీసి ముక్కలు పంచింది.

మా పెద్దమ్మ సెరఫీనాకు ఏటి పక్క ముక్క వచ్చింది. పెదనాన్న యుద్ధం నుంచి తిరిగి రాలేదు. ఇద్దరు ఆడపిల్లలతో ఆమే దున్నుకుంది. నాగలి దిగితే చాలు, అతిమధురం వేళ్లకు చిక్కుకునేది. మొదటి ఏడు గోధుమకన్నా ఆ మొక్కలే ఏపుగా లేచాయి.

"వదినా, గాడిదకు మేత భలే పండించావే!" అన్నాడు మా నాన్న బియాజ్యో.

"నవ్వు నాయనా, పళ్లు ఊడేదాకా నవ్వు."

ఆ చలికాలం ఆమె వేళ్లు తవ్వి బండిలో ఫ్యాక్టరీకి తోలుకెళ్లింది. మేనేజర్ ఒరాత్సియో గేటు తీయనివ్వలేదు.

"బారన్ గారి భూమి లాక్కున్నప్పుడు మేం గుర్తు రాలేదా? పో, పోయి నీ గోధుమలు తిను."

దారంతా ఏడుస్తూ వచ్చిందట. ఇంటికొచ్చి, బట్టలు ఉడకబెట్టే రాగి కాగు తోమి పొయ్యెక్కించింది. వేళ్లు దంచి, ఉడికించి, వడగట్టిన రసాన్ని మళ్లీ కాచింది. మొదటిసారి అడుగంటి బొగ్గయింది. రెండోసారి చేదెక్కింది. మంట బాగా తగ్గించి, కూతుళ్లు వంతులేసుకుని కలియబెడితే ఎట్టకేలకు నల్లగా ముద్దకట్టింది. దాన్ని పుల్లల్లా చుట్టి, ఆరబెట్టి, చప్పరించే మిఠాయిగా రైల్వే స్టేషన్లో అమ్మింది.

మరుసటి ఏడు, ఫ్యాక్టరీ కాదన్న చుట్టుపక్కల పొలాలవాళ్లు కూడా వేళ్లు ఆమె వాకిట్లోనే దించారు. అందరికన్నా ముందొచ్చింది మా నాన్నే.

"గాడిద మేత ఇక్కడికెందుకు తెచ్చావు బియాజ్యో?"

"ఊరుకో వదినా, జనం వింటున్నారు."

భూములు పోయాక ఫ్యాక్టరీకి వేళ్లు కరువయ్యాయి. ఒకరోజు ఒరాత్సియో టోపీ చేత్తో పట్టుకుని పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చాడు. నేను పొయ్యి దగ్గరే ఉన్నాను.

"సెరఫీనా, నీ వేళ్లన్నీ మేం కొంటాం. మంచి ధర ఇస్తాం."

"నావేనా, అందరివీనా?"

"ముందు నీవి. మిగతావాళ్ల సంగతి తర్వాత చూద్దాం."

"మీ 'తర్వాత' నాకు తెలుసులెండి. కొంటే అందరివీ ఒకే ధరకు కొనండి. నా కాగు జోలికి మాత్రం రావద్దు."

"ఈ కాగుతో మాతో పోటీ పడతావా?"

"పోటీ కాదండీ. మీరు మళ్లీ గేటు మూస్తే నా పిల్లలకు రొట్టె ఉండాలిగా!"

ఆయన టోపీ తలకు పెట్టుకుని, సరేనన్నాడు. అనక గతి లేదు.

తర్వాత కొన్నేళ్లే ఫ్యాక్టరీ నడిచింది. బయటి దేశాల నుంచి చవక సరుకు వచ్చిపడి మూతపడింది. సగం ఊరు పని కోసం జర్మనీ రైలెక్కింది, మా నాన్నతో సహా. పెద్దమ్మ కూతుళ్లు ఏటి పక్కనే అతిమధురం కాచే షెడ్డు వేశారు. నేను అందులో జీతానికి చేరాను. పెద్దమ్మ పొద్దున్నే వచ్చి, కాగులోంచి చెంచాతో కాస్త రసం తీసి నాలుక మీద వేసుకుని, "ఇంకాస్త కాగనివ్వండే" అనేది.