రెండు చేతులూ లేస్తే

ఆరిన బట్టలు సోఫా మీద కుప్పపోసి దుప్పటి మడత పెడుతోంది ఆమె. ఆఫీసు నుంచి వచ్చిన భర్త చెప్పులు విడుస్తూనే చెయ్యి పైకెత్తాడు. హాల్లో దీపం వెలిగింది. వెలిగినట్టే వెలిగి ఆరిపోయింది.

"మళ్ళీ మొదలు," అన్నాడు విసుగ్గా.

కింద పడ్డ దుప్పటి తీసుకుంది ఆమె. అది చేతిలోంచి ఎప్పుడు జారిందో ఆమెకే తెలియదు.

ఆ దీపాలు పెట్టించి నెల కాలేదు. స్విచ్చి లేదు, కెమెరా లేదు. చెయ్యి అడ్డొస్తే వెలుతురు ఎలా మారుతుందో బల్బు పక్కనున్న చిన్న గాజుకన్ను పసిగడుతుంది. ఒక చెయ్యి ఎత్తితే వెలగాలి, రెండు చేతులూ లేస్తే ఆరాలి. స్నేహితులను పిలిచి గొప్పగా చూపించాడు. ఆవేళ ఆమె వంటింట్లో కప్పులు కడుగుతోంది, దీపాలు చెప్పినట్టు విన్నాయి. ఆమె హాల్లో ఉన్నప్పుడే పేచీ. "నువ్వుంటేనే దీనికి తిక్క," అన్నాడొకసారి. "మనుషులతోనే కాదు, యంత్రాలతో కూడా పడదన్నమాట," అని అత్తగారు ఫోన్లో నవ్వింది. అప్పట్నుంచి అతనున్నంత సేపూ ఆమె వంటింట్లోనే ఏదో పని కల్పించుకుంటోంది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగిన రోజులున్నాయి. తన ఇంట్లో తను ఎక్కడ కూర్చోవాలో ఒక బల్బు చెబుతోందేమిటని అనిపించినా, ఎవరితో అంటుంది?

ఆదివారం ఉదయం కంపెనీ నుంచి ఒక అమ్మాయి వచ్చి, ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది.

"సార్, మీరు చెయ్యెత్తండి. మేడమ్, మీ పని మీరు చేసుకోండి."

పుస్తకాల అర తుడుస్తోంది ఆమె. అతను మూడుసార్లు చెయ్యెత్తాడు. మూడుసార్లూ దీపం వెలిగి ఆరింది. తెర మీద గీత ఒక మిట్టలా లేచింది, దాని వెనకే ఇంకో పెద్ద మిట్ట.

"లైటు తప్పేం లేదు సార్. మీ చెయ్యి లేచిన వెంటనే ఇంకో రెండు చేతులు లేస్తున్నాయి. ఆర్పమన్నారనుకుంటోంది."

"ఎవరివి?"

ఆ అమ్మాయి తెర మీంచి తలెత్తింది. ఆమె వైపు చూసింది. గుడ్డ నేల మీద ఉంది. మోచేతులు రెండూ ఇంకా ఆమె మొహానికి అడ్డంగానే ఉన్నాయి.

అతను నవ్వేశాడు. "చీమ చిటుక్కుమన్నా ఉలిక్కిపడే మనిషిలెండి. దాన్ని పట్టించుకోవద్దని దీపానికి చెప్పేయండి."

"చెప్పొచ్చు సార్. కాకపోతే ఆ కదలికకి ఒక పేరు పెట్టాలి."

"పొరపాటు అని పెట్టండి."

ఒక్కసారే కొట్టాడు. ఏదో కాగితం కనబడలేదని, పొద్దున్నే, ఆఫీసుకు వెళ్ళే హడావుడిలో. సాయంత్రం తప్పయిందన్నాడు, సినిమాకి తీసుకెళ్ళాడు. ఒక్క దెబ్బకే మొహం ముడుచుకుంటే కాపురాలు నిలవవే అంది అత్తగారు. నిజమే కాబోలనుకుంది. మరిచిపోయానని కూడా అనుకుంది. ఎనిమిదేళ్ళుగా అతను దువ్వెన కోసం చెయ్యి చాపినా, అటక మీద పెట్టె అందుకోబోయినా తను ఇలాగే ముడుచుకుపోతోందా? పక్కనున్న మనిషి ఒక్కసారీ చూడలేదా?

"పొరపాటు కాదు," అంది. ఆమె మోచేతులు దించింది. "దెబ్బ కాచుకోవడం అని రాయండి."

ఆ అమ్మాయి అలాగే రాసింది.

ఆ అమ్మాయి వెళ్ళాక అతను తలుపు వేశాడు. "పరాయివాళ్ళ ముందు పరువు తీశావు. ఎప్పటి మాట అది! మళ్ళీ ఎప్పుడైనా నీ మీద చెయ్యి చేసుకున్నానా?"

"లేదు."

"మరి?"

"మీకు ఆ రోజే అయిపోయింది. నాకింకా అవుతూనే ఉంది."

ఆమె పడగ్గదిలోకి వెళ్ళి అక్కకి ఫోన్ చేసింది.

"ఏంటే, పొద్దున్నే?"

"కొన్నాళ్ళు నీ దగ్గర ఉంటానక్కా. అప్పుడెప్పుడో నా బుగ్గ వాచిపోతే బీరువా తలుపు తగిలిందని చెప్పాను చూడు, అది తలుపు కాదు."