తారుమారైన కాళ్లు

ఉతికిన బట్టలు మడతపెడుతూ ఆమె మూడోసారి ఆగిపోయింది. తీగలు తగిలించే ఆ కనెక్టరు మొదటి కాలు తను ఎడమవైపు పెట్టిందా, కుడివైపు పెట్టిందా?

సర్క్యూట్లు గీసే కంపెనీలో ఆమెది పార్టుల లైబ్రరీ పని. ప్రతి పార్టుకూ రెండు బొమ్మలు చేయాలి: నక్షాలో కనిపించే గుర్తు ఒకటి, బోర్డు మీద దాని లోహపు కాళ్లు ఆనే చోటు ఒకటి. వెంట్రుకవాసి తేడా వచ్చినా పార్టు కూర్చోదు. ఎనిమిదేళ్లలో నాలుగు వేల పార్టులు అలా కూర్చోబెట్టింది. భర్త మాత్రం చుట్టాలతో, "మా ఆవిడ బొమ్మలేసుకుంటుంది" అంటాడు.

ఆ ఉదయం మూడు వందల బోర్డులు తయారై వచ్చాయి. కనెక్టరు కాళ్లు అద్దంలో చూసినట్టు తారుమారు. ఒక్క బోర్డూ పనికిరాదు. టీమ్ లీడరు ఆమె కుర్చీ వెనక నిలబడి, "మార్చింది మీ లాగిన్‌తోనేనమ్మా. పొరపాటు నాదేనని ఒక ముక్క రాసిచ్చేయండి. ఇల్లూ ఆఫీసూ చూసుకునే ఆడవాళ్లకి ధ్యాస తప్పడం మాకు తెలీదా?" అన్నాడు. జాలిగానే అన్నాడు. అదే ఆమెను మరీ గజిబిజి చేసింది.

నిజంగా తనే చేసిందేమో! మొన్న పాలు పొంగిపోనివ్వలేదూ? బస్సులో గొడుగు మరిచిపోలేదూ? "నీకు మతిమరుపు" అని ఇంట్లో అందరూ అనగా అనగా ఆమెకే నమ్మకం కుదిరిపోయింది. మార్పు జరిగింది పదకొండో తేదీన. ఆ రోజు అత్తగారి మోకాలి ఆపరేషను. సెలవు నోటిమాటగా చెప్పి వెళ్లింది. పని ఆగకూడదని లీడరు పాస్‌వర్డు అడిగి తీసుకున్నాడు. అలాగే గుర్తు. కానీ తన గుర్తుకు విలువెంత?

భర్తను అడిగింది.

"ఆస్పత్రిలో ఉన్నది నేను కదా! నువ్వు ఆఫీసుకే వెళ్లుంటావు" అన్నాడు, ఫోన్లోంచి తలెత్తకుండా.

అంత ధీమాగా అంటుంటే ఒక్క క్షణం ఆమె నమ్మేసింది కూడా.

అత్తగారు కర్ర ఊతంగా గుమ్మంలోకి వచ్చింది. "నువ్వెక్కడున్నావురా? పళ్లు బల్లమీద పెట్టి పావుగంటలో పోయావు. నన్ను పట్టుకుని బాత్రూముకి నడిపించింది ఇది."

"మరి చూడ్డానికొచ్చిన పిన్నిగారితో ఆయనే చూసుకున్నారని చెప్పారు కదత్తయ్యా?"

"కొడుకు కదే..." అని ఆవిడ చూపు తిప్పుకుంది.

కోపం తెచ్చుకోవాలో, దండం పెట్టాలో ఆమెకు తోచలేదు.

మర్నాడు లీడరు మెయిల్లో పంపిన ముసాయిదాలో 'పొరపాటు నాదే' అన్న వాక్యం చెరిపేసి, "పదకొండో తేదీన పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆస్పత్రిలో ఉన్నది నేనే" అని టైపు చేసింది. చదువుకుంటే, అది ఆఫీసుకు రాసిందో ఇంటికి రాసిందో ఆమెకే అర్థం కాలేదు.

లీడరుకూ, భర్తకూ ఇద్దరికీ పంపింది.